గేదెల్ని అమ్మాలా? ముందు గడ్డి లెక్క తేల్చండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో పొన్నూరు దగ్గర పల్లెటూరు. సొంతం మూడెకరాలు, కౌలు రెండెకరాలు, అంతా వరే. రెండు ముర్రా గేదెలు, ఒక పడ్డ (ఇంకా ఈనని ఆడదూడ) ఉన్నాయి. మావారు పొద్దున్నే గుంటూరు ఉద్యోగానికి వెళ్ళిపోతారు. గొడ్ల పని నేనూ మా అత్తగారూ చూసుకుంటాం. కోత మిషన్లు వచ్చాక మా మామగారు గడ్డివామి వేయడం మానేశారు. పోయినేడు గడ్డిని మిషనుతో బిగించి బేళ్ళు కట్టించి గొడ్ల చావిడి పక్కన గచ్చు మీద పేర్చి పట్టా కప్పాం. తర్వాత వానలు పడ్డాయి. సంక్రాంతి దాటాక విప్పితే లోపలంతా నల్లటి బూజు. బాగా పాడైంది తీసేసి మిగతాది మేపాం. కొన్నాళ్ళకి ఒక గేదెకు తోక చివర ఎండిపోయింది, గిట్టల పైన పుండ్లు పడ్డాయి, పాలు తగ్గాయి. పుండ్లు ఇంకా పూర్తిగా మానలేదు. వేసవంతా గడ్డి కొన్నాం. ఇప్పుడు కోతలు దగ్గర పడుతున్నాయి. మా మరిది హైదరాబాదు నుంచి ఫోన్ చేసి “అమ్మేసి పాకెట్ పాలు కొనుక్కోండి” అంటున్నాడు. అమ్మితే ఊరుకోనని మామగారు. సైలేజి (గాలి తగలకుండా మూసి మాగబెట్టిన పచ్చిమేత) సంచులు కొందామని మావారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో మీ మరిది మాట ఉంది, మామగారి మాట ఉంది, మీవారి మాట ఉంది. పేడ ఎత్తేది, గడ్డి వేసేది, పాలు తీసేది మాత్రం మీరూ మీ అత్తగారూ. మీ ఇద్దరికీ ఏం కావాలో ఒక్క ముక్క రాయలేదు. ముందు ఆ సంగతి మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఇక మావల్ల కాదు అనుకుంటే నేను కింద రాసేదంతా పక్కన పెట్టి అమ్మేయండి, అందులో తప్పేం లేదు. చేసే ఓపిక ఉంది, మేత దగ్గరే దెబ్బ తింటున్నాం అనుకుంటే మాత్రం మిగతాది చదవండి. ఐదెకరాల వరి పండించే ఇల్లు ఎండాకాలంలో వరిగడ్డి కొనుక్కుందంటే, లోపం గేదెల్లో ఉందని నేననుకోను.

జబ్బు సంగతి ముందు చెప్పాలి. తోక కొన ఎండడం, చెవుల అంచులు నల్లబడడం, గిట్టల పైన పుండ్లు, ఇవన్నీ బూజు పట్టిన వరిగడ్డి మేసిన గేదెల్లో కనిపించే లక్షణాలు. దీన్ని డెగ్నాలా జబ్బు అంటారు. తడి గడ్డి మీద పెరిగే బూజులు విషం తయారుచేస్తాయి. దానివల్ల శరీరం చివరి భాగాలకు రక్తం సరిగా అందదు. అందుకే తోక, చెవులు, కాళ్ళు ముందు దెబ్బ తింటాయి. చాలామంది దీన్ని గాలికుంటు (నోట్లో, గిట్టల్లో పుండ్లు పడే అంటుజబ్బు) అనుకుని నోరు చూస్తారు, నోట్లో ఏమీ ఉండదు. మీ గేదెకు ఇదే వచ్చిందో కాదో చెయ్యి పెట్టి చూసిన డాక్టరు తేల్చాలి. మీరు చేయాల్సింది, పుండ్లు ఒక్కటే చూపించి ఊరుకోకుండా “బూజు గడ్డి మేపామండీ” అని నోరు తెరిచి చెప్పడం. ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారుతుంది. పశువైద్యశాల దూరమైతే 1962కి ఫోన్ చేయండి, పశువుల అంబులెన్సు ఊళ్ళోకే వస్తుంది.

ఇంకోటి. నల్లగా ఉన్నది తీసేసి మిగతాది మేపామని రాశారు. అందరూ చేసే పనే అది, గడ్డి పారేయాలంటే ప్రాణం ఒప్పదు. కానీ బూజు కంటికి కనిపించేంత అయ్యేసరికి చుట్టుపక్కల గడ్డిలోకి కూడా పాకి ఉంటుంది. ఎండబెట్టినా ఆ విషం పోదు. అలాంటి బేలు మొత్తంగా పెంటకుప్పకే వెళ్ళాలి. పడ్డకు కూడా వేయొద్దు. “పాలిచ్చేది కాదు కదా, పడ్డకు పడేద్దాం” అనే అలవాటు మన చావిళ్ళలో బాగా ఉంది. రేపు పాలిచ్చేది అదే.

ఇక లెక్కకు వద్దాం. పాలిచ్చే ముర్రా గేదె రోజుకు ఆరేడు కిలోల ఎండుగడ్డి తింటుంది, పక్కన పచ్చిమేత, దాణా కూడా ఉంటేనే సుమా. పడ్డ మూడు నాలుగు కిలోలు తింటుంది. మూడింటికీ కలిపి రోజుకు పదహారు కిలోలు వేసుకోండి. ఏడాదికి ఆరు టన్నులకు కాస్త తక్కువ. కాళ్ళ కింద తొక్కేది, గొడ్ల కింద పరిచేది, గాలికి ఎగిరేది కలుపుకుని ఏడు టన్నులు చేతిలో ఉండాలి. మన వైపు ఎకరం వరికి రెండు టన్నుల దాకా గడ్డి వస్తుంది, మిషను ఎత్తుగా కోస్తే ఒకటిన్నర చేతికొచ్చినా వచ్చినట్టే. అంటే మీకు మూడున్నర నుంచి నాలుగు ముప్పావు ఎకరాల దాకా గడ్డి కావాలి. సొంత మూడెకరాలతో సరిపోదు, కౌలు పొలం గడ్డి కూడా రావాలి. ఆ గడ్డి మీదా, ఆసామిదా అన్నది కోతకు ముందే తేల్చుకోండి. కోత రోజున గట్టు మీద తేల్చుకుందాం అనుకున్న చోటే గొడవలొస్తాయి.

బేళ్ళలో చెప్పాలంటే, చిన్న బేలు పదిహేను నుంచి పాతిక కిలోల దాకా ఉంటుంది. బేలర్ (బేళ్ళు కట్టే మిషను) వాడు బేలుకింత అని డబ్బు తీసుకుంటాడు కాబట్టి వదులుగా కట్టి ఎక్కువ బేళ్ళు లెక్క చూపించే అవకాశం ఉంది. మొదటి నాలుగు బేళ్ళు కాటా మీద పెట్టించండి. సగటున ఇరవై కిలోలొస్తే మీకు మూడు వందల యాభై బేళ్ళు కావాలి. పోయినేడు ఎన్ని కట్టించారో మీరు రాయలేదు. మేత లేదని వాపోయే ఇళ్ళలో చాలామంది గడ్డిని “నాలుగు ట్రాక్టర్లు తోలాం” అంటారు తప్ప బరువు చెప్పరు.

గడ్డి పాడవడం మీ చావిడి దగ్గర మొదలు కాలేదు, పొలంలోనే మొదలై ఉంటుంది. మనిషి కోసిన రోజుల్లో పనలు మూడు నాలుగు రోజులు చేలో ఎండేవి, తర్వాత కుప్ప పడేది, నూర్చాక మళ్ళీ ఎండ తగిలేది. వామి ఎక్కేసరికి గడ్డి గలగలలాడేది. ఇప్పుడు చైను మిషను పొద్దున కోస్తుంది, సాయంత్రానికి బేలర్ వచ్చేస్తుంది. పైన ఎండినట్టే ఉంటుంది, కణుపుల్లో తడి అలాగే ఉంటుంది. నవంబరు, డిసెంబరు మంచు సంగతి మీకు తెలియంది కాదు, పొద్దున తొమ్మిదింటికి కూడా గడ్డి చేతికి చెమ్మగా తగులుతుంది. మిషను వదిలిన గడ్డిని కనీసం రెండు మూడు రోజులు ఎండనివ్వండి, మధ్యలో ఒకసారి పంగలకర్రతో తిరగేయండి. బేలర్‌ను పదకొండు తర్వాతే చేలోకి దిగనివ్వండి. గుప్పెడు గడ్డి తీసుకుని మెలి తిప్పితే కణుపు దగ్గర పుటుక్కున విరగాలి. వంగిందంటే ఇంకో రోజు ఆగాల్సిందే. బేలర్ వాడు వినడు, వాడికి పక్క ఊళ్ళో పని ఉంటుంది. అక్కడ మీ మామగారిని నిలబెట్టండి. ఆ పనికి ఆయన్ను మించినవాళ్ళు మీ ఇంట్లో లేరు.

కోసేటప్పుడు డ్రైవరుకు ఇంకో మాట చెప్పాలి, కత్తెర కిందికి దించమని. ఎత్తుగా కోస్తే అతనికి డీజిలు కలిసొస్తుంది, మీకు మోకాటి ఎత్తు గడ్డి చేలోనే మిగిలిపోతుంది. మినుము చల్లే ఉద్దేశం ఉంటే చిక్కుంది. కోతకు ముందు నిలబడి ఉన్న వరిలో మినుము చల్లితే, ఆ తర్వాత బేలర్ ట్రాక్టరు చక్రాల కింద మొలకలు పోతాయి. మన డెల్టాలో కొందరు గడ్డికి అగ్గిపెట్టడానికి అసలు కారణం బద్ధకం కాదు, ఈ తొందరే. మీరు ఒక పని చేయొచ్చు. మూడెకరాల్లో గడ్డి తీసి మొక్కజొన్నో జొన్నో దున్నకుండా వేసుకోండి, మిగతా దాన్లో మినుముకు మనుషుల చేత కోయించండి. కూలి ఎక్కువే, కాదనను. కానీ ఆ చెక్కలో నిలువు గడ్డి, మినుము, మినప పొట్టు మూడూ చేతికొస్తాయి. మినప పొట్టులో వరిగడ్డి కంటే మాంసకృత్తులు చాలా ఎక్కువ. దాన్ని గోతాల్లో వేరుగా దాచి, వేసవిలో వరిగడ్డిలో కలిపి పెట్టండి.

ఇప్పుడు దాచడం. మీరు గచ్చు మీద పేర్చారు, గోడకు ఆనించారో లేదో రాయలేదు, ఆనించే ఉంటారని నా అనుమానం. పైన పట్టా కిందిదాకా లాగి బిగించి ఉంటారు. గచ్చు చెమ్మ పీలుస్తుంది, గోడ వానకు తడుస్తుంది, పట్టా లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు. పొద్దున పట్టా ఎత్తి చూస్తే లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తాయి. వాన లోపలికి రాకపోయినా ఆ నీళ్ళే పై వరస బేళ్ళను తడిపేస్తాయి. బేలు బిగువుగా ఉంటుంది కాబట్టి, నడిమధ్యలో చెమ్మ చిక్కుకుంటే అది పోయే దారే లేదు.

అందుకే ముందు కింద మంచె కట్టండి. రాళ్ళు పేర్చి, వాటిమీద తాటి మొద్దులో పాత కరెంటు స్తంభం ముక్కలో అడ్డంగా వేసి, నేల నుంచి అడుగున్నర ఎత్తు ఉండేలా చూడండి. ఆ ఖాళీలో గాలి ఆడాలి, పిల్లి దూరాలి, ఎలుకల సంగతి అది చూసుకుంటుంది. గోడకు రెండడుగుల దూరం వదలండి. చుట్టూ జానెడు లోతు కాలవ తీసి నీరు పోయే దారి చూపించండి. బేళ్ళను ఇటుకల్లా ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం పేర్చండి. నడిమి వరస ఎత్తుగా, అంచులు వాలుగా రావాలి. పైన దూలంలా ఒక వెదురు పొడుగ్గా పెట్టి దానిమీద పట్టా వేస్తే, పట్టాకీ బేళ్ళకీ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. పట్టా అంచులు నేలదాకా వద్దు, పక్కల సగం దాకా చాలు. ఎండ కాసిన రోజుల్లో రెండు చివర్లూ ఎత్తి కట్టండి. రేకుల కొట్టం వేయించే స్తోమత ఉంటే మరీ మంచిది గానీ, అది లేదని గడ్డి పాడు చేసుకోనక్కర్లేదు.

మనుషులు కోసిన చెక్కలోని నిలువు గడ్డి మాత్రం మీ మామగారి చేత వామి వేయించండి. వామి వేయడం తెలిసినవాళ్ళు ఊరికి నలుగురు కూడా మిగల్లేదు. మీరు పక్కన నిలబడి చూడండి. ఆయన నడిమధ్యలో ఎక్కువ తొక్కుతారు, అంచుల్లో తక్కువ తొక్కుతారు. కొన్ని నెలలకు అంచులు కుంగి బయటికి వాలతాయి, వాన ఆ వాలు మీద జారిపోతుంది. నడిమి భాగం వదులుగా ఉంటే వామి మధ్యలో గుంట పడి నీళ్ళు లోపలికి దిగుతాయి. ఆ కిటుకంతా కాళ్ళలో ఉంటుంది, పుస్తకంలో రాస్తే రాదు. కొప్పు మీద తాటాకో, దువ్విన గడ్డో కప్పి, రెండు కొసలా రాళ్ళు కట్టిన తాళ్ళు అడ్డంగా వేస్తారు గాలికి లేవకుండా. తీసేటప్పుడు ఒక చివర నుంచి పైనుంచి కిందికి తీయాలి. చుట్టూ చేతికందినంత పీకితే వామి గొడుగులా మిగిలి, ఒకనాటి గాలికి పడిపోతుంది.

ఎక్కడ పెట్టినా గడ్డంతా ఒక్కచోట పెట్టొద్దు. రెండు చోట్ల పెట్టండి, మధ్యలో ఇరవై ముప్పై అడుగులు ఎడం ఉండాలి. వంటింటికి, కరెంటు తీగలకు దూరంగా ఉండాలి. నిప్పు తగిలినా సగం మిగులుతుంది. మొదటి నెలలో వారానికోసారి ఒక ఇనప ఊచ లోపలికి గుచ్చి కాసేపాగి తీసి పట్టుకోండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపల తడి మరుగుతోందన్నమాట. ఆలస్యం చేయకుండా విప్పి ఆరబెట్టాలి. తడి గడ్డి తనంతట తానే అంటుకున్న సందర్భాలు ఉన్నాయి.

తుపాను భయం మనకు కోతలప్పుడే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ధాన్యం గురించే అందరూ మాట్లాడారు, గడ్డి సంగతి ఎవరికీ పట్టలేదు. ధాన్యానికి రంగు మారినా ఏదో ఒక ధర వస్తుంది, కుళ్ళిన గడ్డిని గొడ్డు కూడా ముట్టదు. వాయుగుండం అని రేడియోలో వినగానే చేలో ఆరుతున్న గడ్డిని వాములుగా కాకపోయినా చిన్న చిన్న కుప్పలుగా గట్టు మీదకు చేర్చండి. పల్చగా పరిచి ఉన్నది మొత్తం తడుస్తుంది, కుప్పలో పైపొర మాత్రమే తడుస్తుంది.

గడ్డి బాగా దాచారే అనుకోండి, అదొక్కటే పెడితే గేదె పాలివ్వదు. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. ఇసుక పదార్థం ఎక్కువ. అందులో ఉండే ఒక ఆమ్లం గేదె ఒంట్లో సున్నాన్ని (కాల్షియాన్ని) పట్టేసుకుని బయటికి పంపేస్తుంది. అందుకే వట్టి వరిగడ్డి మీద పెరిగిన పడ్డలు వేళకు ఎదకు రావు. ఇంట్లోవాళ్ళు నాటు మందులు తిప్పుతారు, మేత చూడరు. రోజూ యాభై గ్రాముల లవణ మిశ్రమం దాణాలో కలపండి, ఏ పశువైద్యశాలలో అడిగినా చెబుతారు.

పచ్చిమేతకు సూపర్ నేపియరో, కో-4 గడ్డో గేదెకు పది సెంట్ల లెక్కన వేయండి. మీకు పాతిక సెంట్లు చాలు. మొదటి కోత రెండున్నర నెలలకు, తర్వాత నలభై ఐదు రోజులకొకటి. చావిడి కడిగిన నీళ్ళు అటు మళ్ళిస్తే ఎరువు కూడా కొనక్కర్లేదు. అది నీళ్ళు నిలిస్తే చచ్చిపోతుంది, పల్లం చెక్కలో మాత్రం పారా గడ్డి వేయండి, నీళ్ళలో కూడా బతుకుతుంది. వేసవిలో కాలవలు కట్టేస్తారు కాబట్టి బోరు ఉన్న చోటే చూసుకోండి.

మీ అత్తగారిని పిల్లిపెసర గురించి అడగండి. వరి కోతకు ముందు తడి చేలో జనుమో పిల్లిపెసరో చల్లడం ఒకప్పుడు డెల్టా అంతా ఉండేది. మినుము, ఆ తర్వాత మొక్కజొన్న వచ్చి దాన్ని తరిమేశాయి. అరెకరం వేసుకోండి. పూత మీద కోసి పచ్చిగా మేపొచ్చు, ఎండబెట్టి దాచొచ్చు. ఎండిన పిల్లిపెసరను మిట్టమధ్యాహ్నం ఎత్తితే ఆకంతా రాలిపోయి పుల్లలు మిగులుతాయి, బలమంతా ఆకులోనే ఉంది. తెల్లవారుజామున మంచు చెమ్మ ఉండగానే మోపులు కట్టి, నీడన కాసేపు ఆరనిచ్చి దాచాలి. వరిగడ్డికి మంచు వద్దన్నాను, దీనికి కావాలంటున్నాను, తికమక పడకండి.

జొన్న వేస్తే ఒక ప్రమాదం ఉంది, మర్చిపోవద్దు. కంకులు కోశాక మోళ్ళ నుంచి లేత పిలకలు వస్తాయి. వేసవిలో పచ్చగా అవే కనిపిస్తాయి కాబట్టి గొడ్లు ఎగబడతాయి. ఆ పిలకల్లో, పూతకు రాని లేత జొన్నలో, నీళ్ళు లేక వడిలిన జొన్నలో సైనైడు విషం ఉంటుంది. కడుపు నిండా మేసిన గేదె గంట గడవకుండా పడిపోవచ్చు. జొన్న మోళ్ళ చేలోకి గొడ్లను తోలకండి, పక్క చేను వాళ్ళది కూడా చూసుకోండి. పూతకొచ్చాక కోసింది, కోసి బాగా ఎండబెట్టింది అయితే ఫరవాలేదు.

మీవారి సైలేజి ఆలోచన చెడ్డదేం కాదు, దాన్నే నమ్ముకుంటే మాత్రం ఖర్చు. మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకా రెండు గేదెలకూ పూటకు ఐదు కిలోల చొప్పున వేసినా రెండు టన్నులు చాలు. ఇరవై సెంట్ల మొక్కజొన్నతో అయిపోతుంది. గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో కోసి, అంగుళం ముక్కలు కొట్టి, గాలి లేకుండా తొక్కి మూసేయాలి, నెలన్నర కదపకూడదు. గొయ్యి తవ్వొద్దు. మన డెల్టాలో నాలుగడుగులు తవ్వితే ఊట వస్తుంది. సంచులే మేలు. ఎలుకలు, కాకులు చిల్లులు పెట్టకుండా రోజూ చూసుకోవాలి, చిల్లు పడిన చోట టేపు వేయాలి. తెరిచాక పుల్లటి వాసన రావాలి, కుళ్ళు వాసన వస్తే పారేయడమే.

పచ్చిమేత అసలే లేని రోజులకు యూరియా గడ్డి ఉంది. నూరు కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై అరవై లీటర్ల నీళ్ళు. యూరియా పూర్తిగా కరిగాక గడ్డిని పొరలు పొరలుగా పరుస్తూ, పూల కుండీకి నీళ్ళు పోసే రోజా డబ్బాతో సమంగా చల్లుతూ, తొక్కుతూ వెళ్ళాలి. పట్టా కప్పి గాలి పోకుండా అంచుల్లో మట్టి వేయాలి. మూడు వారాలకు గడ్డి పసుపు పచ్చగా, మెత్తగా అవుతుంది, మాంసకృత్తులు రెట్టింపు దాకా పెరుగుతాయి. ఇక్కడ పట్టా గాలాడకుండా బిగించాల్సిందే. తీసింది గంటా రెండు గంటలు నీడన పరిచి, ఘాటు పోయాక మేపాలి. మొదటి రోజు కిలోతో మొదలుపెట్టి పది రోజుల్లో పెంచాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా కలిపిన బకెట్టును అక్కడే వదిలేసి ఇంట్లోకి రావద్దు. దాహం మీదున్న గేదె అది తాగితే బతకదు. ఈ పని చేసే రోజు చావిడిలో గొడ్లను ముందే దూరంగా కట్టేసి మొదలుపెట్టండి.

పాకెట్ పాల గురించి మీ మరిది అన్నది పాల వరకు సరైన లెక్కే కావచ్చు. ఆయన లెక్కలో పేడ లేదు. రెండు గేదెలు, ఒక పడ్డ కలిసి రోజుకు నలభై కిలోల దాకా పేడ వేస్తాయి. ఏడాదికి పద్నాలుగు టన్నులు, మాగితే సగమవుతుంది. పల్నాడు వైపు మిరప రైతులు ట్రాక్టరు లెక్కన డబ్బు పెట్టి కొనే సరుకు అది. మీ పొలానికి ఊరికే వస్తోంది. కాకపోతే మీరు దాన్ని ఎండలో కుప్ప పోసి సగం బలం పోగొడుతూ ఉంటారు, అందరూ చేసేదే. చెట్టు నీడన గుంట తీసి, పాడైన గడ్డిని అడుగున పరిచి, పైన పేడ వేస్తూ పొరకు కాస్త మట్టి కప్పండి. గొడ్ల కింద పరిచి మూత్రం పీల్చిన గడ్డిని పారేయకుండా అందులోనే వేయండి, నత్రజని, పొటాషు ఎక్కువ ఉండేది మూత్రంలోనే. వరిగడ్డిని చేలో తగలబెడితే నత్రజని అంతా పొగై పోతుంది. గేదె కడుపులోంచి వస్తే చాలా భాగం తిరిగి మీ చేలోకే చేరుతుంది. ఐదెకరాల వరి ఉన్న ఇంటికి గేదె ఎందుకంటే, నేను పాల కంటే ముందు ఈ మాటే చెబుతాను. మీ మామగారు కూడా బహుశా ఇదే చెప్పాలనుకుని, మాట కుదరక “ఊరుకోను” అంటున్నారేమో.

అమ్మడం గురించి నా మాట ఇది. ఇప్పుడు అమ్మొద్దు. పుండ్లతో ఉన్న గేదెను బేరగాడు సగానికి అడుగుతాడు. మాననివ్వండి. ఈ కోతకు గడ్డి నేను చెప్పినట్టు దాచి, ఉగాది నాడు బేళ్ళు లెక్కపెట్టండి. దాచిన దాంట్లో మూడింట రెండు వంతులకు పైగా మిగిలి ఉంటే మూడింటినీ ఉంచుకోండి. అంతకంటే తక్కువుంటే ఆ వారంలోనే ఒక గేదెను అమ్మేయండి, మే నెల దాకా ఆగకండి. ఎండాకాలం నడిమిలో మేత లేని ఇల్లని తెలిసి వచ్చే బేరం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఏది అమ్మాలన్నది వయసును బట్టి చూసుకోండి, ఈతలు ఎక్కువైనది పోవాలి. చూడితో ఉన్నప్పుడో, ఈనిన కొత్తలోనో అయితే మంచి ధర వస్తుంది, వట్టిపోయాక ఎవరూ అడగరు. పడ్డను మాత్రం అమ్మకండి, మీ చేతుల మీద పెరిగిన గొడ్డు గుణం మీకు తెలుసు, కొనుక్కొచ్చేదాని సంగతి ఎవరికీ తెలియదు.

బేలర్ వాడికి ఈ వారంలోనే ఫోన్ చేయించి రోజు ఖాయం చేసుకోండి. కోతలు మొదలయ్యాక అడిగితే “రేపొస్తా” అంటాడు, ఆ రేపు మీ గడ్డి మీద నాలుగు మంచులు కురిశాక వస్తుంది.